చక్రం తిప్పితే మారే ఆవిరి: వోల్టేజీ సర్దుబాటు ఈ-సిగరెట్

ద్రవాన్ని వేడిచేసే తీగచుట్టకు (కాయిల్‌కు) అందే వోల్టేజీని వాడేవారే పెంచుకోవడానికి, తగ్గించుకోవడానికి వీలున్న ఎలక్ట్రానిక్ సిగరెట్‌ను వోల్టేజీ సర్దుబాటు ఈ-సిగరెట్ అంటారు. బాగా వ్యాప్తిలోకి వచ్చిన నమూనా లావుపాటి పెన్ను అంత ఉంటుంది. పైన ద్రవం నింపే పారదర్శకమైన ట్యాంకు, దాని మీద నోట పెట్టుకునే గొట్టం, కింద బ్యాటరీ, నడుమ నొక్కిపట్టే మీట. అన్నిటికంటే అడుగున వేళ్ల కొసలతో తిప్పగలిగే చిన్న చక్రం. దాని అంచున 3.2 నుంచి 4.8 దాకా అంకెలు. చక్రం లేని ఈ-సిగరెట్ బ్యాటరీలో ఎంత సత్తువ ఉంటే అంత వేడెక్కుతుంది. చక్రం ఉన్నది మనిషి ఎంత కోరితే అంత వేడెక్కుతుంది. ఈ ఒక్క తేడాతో రుచి, ఆవిరి, ఒంటికి పట్టే నికోటిన్, దాని వెంట లోపలికి పోయే విషపదార్థాలు అన్నీ మారిపోతాయి. అందుకే ఆ చక్రం మీద వైద్య పత్రికల్లో ఏళ్ల తరబడి వాదం నడిచింది.

భారతదేశంలో ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ 2019 నుంచి నిషిద్ధం. కాబట్టి ఇక్కడ చెప్పే రోజువారీ వాడకం ముఖ్యంగా బ్రిటన్, అమెరికా, ఐరోపా దేశాలలోనిది.

టార్చిలైటు గొట్టంలోంచి

సిగరెట్‌లోంచి మంటను తీసేయాలన్న ఆలోచన పాతదే. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రానికి చెందిన హెర్బర్ట్ గిల్బర్ట్ పొగ, పొగాకు రెండూ లేని సిగరెట్‌కు 1963లో దరఖాస్తు పెట్టి 1965లో పేటెంటు సంపాదించాడు. పేటెంటు చేతికొచ్చింది కానీ సరుకు అంగడికెక్కలేదు. దాదాపు నలభై ఏళ్ల తర్వాత చైనా ఫార్మసిస్టు హోన్ లిక్ ఆ పని చేసి చూపించాడు. ఆయన స్వయంగా సిగరెట్లు కాల్చే మనిషి. తండ్రి ఊపిరితిత్తుల కేన్సర్‌తో పోయాడు. 2003లో రూపొందిన ఆయన పరికరం మరుసటి ఏడాది చైనాలో అమ్మకానికొచ్చింది. మొదటి నమూనాలో ద్రవాన్ని ఆవిరి చేసింది కాలే తీగ కాదు, అల్ట్రాసౌండ్ కంపనాలు. తర్వాతి పరికరాలు తీగ దారి పట్టాయి. 2006, 2007 నాటికి సరుకు ఐరోపాకు, అమెరికాకు చేరింది.

ఆ తొలి రకాలు అచ్చం సిగరెట్ ఆకారంలోనే ఉండేవి. తెల్లటి గొట్టం, చివర దమ్ము లాగినప్పుడు వెలిగే ఎర్రటి బల్బు. ఆకారం కోసం బ్యాటరీని కుదించడంతో చిక్కొచ్చిపడింది. ఉదయం ఛార్జి చేసిన బ్యాటరీ మధ్యాహ్నానికే నీరసించేది. మొదటి దమ్ముకు వచ్చినంత ఆవిరి పదో దమ్ముకు వచ్చేది కాదు. రోజుకో పెట్టె కాల్చేవాడికి అది ఏ మూలకూ చాలలేదు.

ఈ అసంతృప్తికి విరుగుడు పెద్ద కంపెనీల నుంచి రాలేదు. ఇళ్లలో సోల్డరింగ్ ఇనుము పట్టుకు కూర్చున్నవాళ్లు పాత టార్చిలైటు గొట్టాల్లో పెద్ద బ్యాటరీలు దూర్చి, పైన కాయిల్ బిగించి వాడుకోవడం మొదలుపెట్టారు. ఇలా మార్చి కట్టిన పరికరాలకు ‘మోడ్’ అన్న పేరు స్థిరపడింది. 2008లో బ్రిటన్‌లో రోజర్స్ సోదరులు తయారుచేసిన ‘స్క్రూడ్రైవర్’ను వీటిలో తొలి తరానిదిగా చెబుతారు. 2010 ప్రాంతంలో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం నుంచి వచ్చిన ‘ప్రొవారి’ ఒకే మీటతో వోల్టేజీని 6 దాకా పెంచుకునే ఏర్పాటు చేసింది. ధర ఎక్కువే అయినా గట్టి సరుకని పేరు తెచ్చుకుంది. జనసామాన్యానికి అందుబాటులోకి తెచ్చింది మాత్రం చైనా కంపెనీ జాయ్‌టెక్. దాని ‘ఈగో’ బ్యాటరీ అప్పటికే ఇంటింటి సరుకు. 2012 ప్రాంతంలో దాని అడుగున చక్రం బిగించి ‘ట్విస్ట్’ పేరుతో వదిలింది. ‘విజన్ స్పిన్నర్’ వంటి పోటీ సరుకులు వెంటనే దిగిపోయాయి. కొద్ది నెలల్లోనే చక్రం తిప్పడం అన్నది వేపింగ్ (ఈ-సిగరెట్ వాడకం) దుకాణాల్లో కొత్తగా వచ్చినవాళ్లకు నేర్పే మొదటి పాఠమైంది.

జాయ్‌టెక్ మరో మేలు కూడా చేసింది. దాని 510 నమూనాలోని మర కొలత క్రమంగా అందరికీ ప్రమాణమైపోయింది. అర మిల్లీమీటరు ఎడంతో పది మరచుట్లు. ఎవరి ట్యాంకైనా ఎవరి బ్యాటరీకైనా బిగుస్తుంది. ఒకరి ఛార్జరు మరొకరి ఫోనుకు పట్టని రోజుల్లో ఇది చిన్న సంగతేం కాదు. అయితే మరలు కలిసినంత మాత్రాన లెక్కలు కలవాలని లేదు. ఏ కాయిల్ ఏ బ్యాటరీ మీద ఎక్కుతోందో చూసుకోవాల్సిన పూచీ వాడేవాడి నెత్తిన పడింది.

అంకె వెనక లెక్క

ట్యాంకు విప్పి చూస్తే కనిపించేది చాలా తక్కువ. బొటనవేలి గోరంత లోహపు డిబ్బీ, అందులో చుట్టలు చుట్టిన సన్నని తీగ, తీగ నడుమ లేదా చుట్టూ దూది వత్తి. తీగ సాధారణంగా ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన కాంథాల్ అనే మిశ్రమం. కొన్నిట్లో హీటర్లలో వాడే నైక్రోమ్. వత్తి ట్యాంకులోని ద్రవాన్ని పీల్చుకుని తీగకు అందిస్తుంది. మీట నొక్కగానే తీగ వేడెక్కి ఆ ద్రవాన్ని ఆవిరి చేస్తుంది. ఆవిరి వెంటనే చల్లబడి సన్నని తుంపరగా మారుతుంది. నోట్లోంచి తెల్లగా వచ్చేది ఈ తుంపరే, పొగ కాదు.

ద్రవంలో ప్రధానంగా ఉండేవి రెండు: ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిసరిన్. మొదటిది 188 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, రెండోది 290 దగ్గర. నికోటిన్ మరిగేది 247 దగ్గర. పలచగా ఉండే గ్లైకాల్ గొంతులో గరగర పుట్టిస్తుంది, సువాసనను బాగా మోస్తుంది. చిక్కటి గ్లిసరిన్ దట్టమైన ఆవిరినిస్తుంది కానీ వత్తిలోకి నెమ్మదిగా ఎక్కుతుంది. గ్లిసరిన్ పాలు ఎక్కువైన ద్రవానికి వేడి కూడా ఎక్కువ కావాలి. అందుకే ఒకే చక్రం మీద ఒకే అంకె ఒక సీసాకు సరిపోయి, ఇంకో సీసాకు చాలకుండా పోతుంది.

అంకెకు సొంతంగా అర్థం లేదనడానికి ఇంతకంటే పెద్ద కారణం ఓమ్ సూత్రంలో ఉంది. కాయిల్‌లో పుట్టే శక్తి వోల్టేజీ వర్గాన్ని నిరోధంతో భాగిస్తే వస్తుంది. 2 ఓమ్‌ల కాయిల్ మీద 3.3 వోల్టులు పెడితే దాదాపు 5.4 వాట్లు. అదే కాయిల్ మీద 4.8 పెడితే 11.5 వాట్లు. చక్రం తిరిగింది ఒకటిన్నర వోల్టు, పెరిగింది నూటికి నలభై ఐదు పాళ్లు. వేడి మాత్రం రెట్టింపు దాటింది. వోల్టేజీ ఎంత పెరిగితే వేడి కూడా అన్ని పాళ్లే పెరుగుతుందనుకునే కొత్తవారు మొదటి కాయిల్‌ను మాడ్చుకునేది ఈ లెక్క తెలియకే. ఇక కాయిల్ 1 ఓమ్‌దైతే, 3.3 వోల్టుల దగ్గరే 11 వాట్లు పుడతాయి. అంటే ఒకరి కనిష్ఠం, వేరే కాయిల్ ఉన్న మరొకరి గరిష్ఠానికి ఇంచుమించు సమానం. “నేను నాలుగులో పెట్టుకుంటాను” అని ఒకరు చెప్పే సలహా కాయిల్ ఎన్ని ఓమ్‌లదో చెప్పకపోతే దండగ.

ఈ చిక్కును ఒహాయో రాష్ట్రపు ఇవాల్వ్ కంపెనీ పట్టుకుంది. 2011లో వచ్చిన దాని ‘డార్విన్’ పరికరంలో మనిషి ఎంచుకునేది వోల్టులు కాదు, వాట్లు. కాయిల్ నిరోధాన్ని పరికరమే కొలుచుకుని తగిన వోల్టేజీని లెక్కగడుతుంది. 2014లో అదే కంపెనీ ఇంకో అడుగు వేసి ఉష్ణోగ్రత అదుపును తెచ్చింది. నికెల్ తీగ వేడెక్కేకొద్దీ దాని నిరోధం పెరుగుతుంది. ఆ పెరుగుదలను చూసి తీగ ఎంత వేడిగా ఉందో చిప్ పసిగడుతుంది. వత్తి ఎండి వేడి హఠాత్తుగా ఎగబాకితే కరెంటు తగ్గిస్తుంది. కాంథాల్‌తో ఈ పని కుదరదు, దాని నిరోధం వేడికి పెద్దగా మారదు కనుక.

సర్దుబాటు ఏర్పాటు మరో పనికీ వచ్చింది, అదే దాన్ని జనం మెచ్చుకోవడానికి అసలు కారణం. లిథియం-అయాన్ బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టులిస్తుంది, వాడేకొద్దీ దిగజారుతుంది. నియంత్రణ లేని పరికరంలో 2 ఓమ్‌ల కాయిల్‌కు ఉదయం 8.8 వాట్లు అందితే, బ్యాటరీ 3.4కు పడే సరికి 5.8 వాట్లే. నియంత్రణ ఉన్న పరికరంలోని సర్క్యూట్ ఈ తరుగును పూడుస్తుంది. ఉదయం పెట్టిన 3.8 సాయంత్రం కూడా 3.8గానే ఉంటుంది. చవక రకాలు వోల్టేజీని పెంచలేవు. కరెంటును సెకనుకు ఎన్నోసార్లు ఆపి విడుస్తూ సగటును మాత్రమే తగ్గించగలవు. అలాంటివాటిలో చక్రం మీద 4.8 అని రాసి ఉన్నా, బ్యాటరీ దిగాక అంత రాదు.

వాడేవారి దినచర్య

కొత్త కాయిల్ బిగించాక వెంటనే మీట నొక్కకూడదు. కాయిల్ పక్క రంధ్రాల్లో కనిపించే పొడి దూది మీద రెండు మూడు చుక్కల ద్రవం వేసి, ట్యాంకు నింపి, పది నిమిషాలు నిలబెట్టాలి. వత్తి నడిమి దాకా తడవకముందే వేడి తగిలితే దూది మాడుతుంది. మాడిన దూది వాసన ఆ కాయిల్ పారేసే దాకా పోదు. ట్యాంకు నింపేటప్పుడు నడుమ ఉన్న గాలి గొట్టంలోకి చుక్క పడకుండా ద్రవాన్ని గోడ వెంట జారనివ్వాలి. ఆ గొట్టంలో పడితే నోట్లోకి చేదుగా, ఘాటుగా ద్రవమే వస్తుంది. ఈ పనంతా అలవాటైన చేతికి ఒకట్రెండు నిమిషాలది. కొత్తవారు టేబులంతా జిడ్డు చేసుకుంటారు.

బ్యాటరీ మీటను వరసగా ఐదుసార్లు నొక్కితే పరికరం మేలుకుంటుంది, మళ్లీ ఐదుసార్లు నొక్కితే నిద్రపోతుంది. జేబులో దానంతటదే వేడెక్కకుండా పెట్టిన కట్టడి అది. మీటను పది సెకన్ల పాటు వదలకపోతే చాలా పరికరాలు వాటంతటవే ఆగిపోతాయి.

చక్రాన్ని అన్నిటికంటే తక్కువ అంకెకు తిప్పి మొదలుపెట్టి, రెండు మూడు దమ్ములకు ఒకసారి 0.1, 0.2 చొప్పున పెంచుకుంటూ పోవడం సరైన పద్ధతి. వోల్టేజీ మరీ తక్కువైతే ద్రవం పూర్తిగా ఆవిరి కాక కాయిల్‌లో నిలిచి, దమ్ము లాగినప్పుడు గుడగుడ శబ్దం వస్తుంది. ఆవిరి చల్లగా, చప్పగా ఉంటుంది. కొంచెం పెంచగానే రుచి తేలుతుంది, ఆవిరి వెచ్చబడుతుంది. ఇంకా పెంచితే తీపి తగ్గి ఘాటు ఎక్కువవుతుంది. ఆపైన ఒక హద్దు దాటగానే గొంతు పట్టేసే మాడు కంపు, దగ్గు. కిరసనాయిలు అడుగంటిన లాంతరులో వత్తే కాలిపోయినట్టు, ఇక్కడ కూడా ద్రవం అందే వేగాన్ని ఆవిరయ్యే వేగం మించిపోతే కాలేది దూదే. వేపింగ్ చేసేవారు దీన్ని ‘డ్రై పఫ్’ అంటారు. అది తగిలిన మనిషి మరుక్షణం గొట్టాన్ని నోట్లోంచి తీసేస్తాడు. ఈ ఒక్క సంగతి చుట్టూ ఒక శాస్త్ర వివాదమే నడిచింది.

కనిపెట్టుకుని ఉండాల్సినవి ఇంకా ఉన్నాయి. దమ్ము వెంట దమ్ము లాగితే వత్తి తేరుకోదు, కనుక నడుమ కాసేపు ఆగాలి. సిగరెట్‌ను గట్టిగా, పొట్టిగా పీల్చే అలవాటు ఇక్కడ పనికిరాదు. నెమ్మదిగా, నిడివిగా లాగాలి. తీపి కోసం సుక్రలోజ్ కలిపిన ద్రవాలు తీగ మీద నల్లటి పెచ్చు కట్టిస్తాయి. ద్రవాన్ని బట్టి, వాడకాన్ని బట్టి కాయిల్‌ను వారానికో పక్షానికో మార్చుకోవాల్సి వస్తుంది. మార్చడం బద్ధకమై రుచి తగ్గిందని చక్రం పైకి తిప్పేవారే ఎక్కువ. పెచ్చు కట్టిన తీగకు మరింత వేడి తోడవడమంటే అంతకంటే తప్పుడు వైద్యం లేదు.

ల్యాబుకు నాలుక లేదు

2014లో పోలండ్, అమెరికా పరిశోధకులు కలిసి వోల్టేజీ మారే బ్యాటరీతో వచ్చిన ఆవిరిని పరీక్షించారు. వోల్టేజీని 3.2 నుంచి 4.8కి పెంచితే ఫార్మాల్డిహైడ్, ఎసిటాల్డిహైడ్, ఎసిటోన్ మోతాదులు నాలుగు రెట్ల నుంచి రెండొందల రెట్లకు పైగా పెరిగాయి. గరిష్ఠ వోల్టేజీ దగ్గర ఫార్మాల్డిహైడ్ మామూలు సిగరెట్ పొగలో కనిపించే స్థాయిని అందుకుంది. గ్లైకాల్, గ్లిసరిన్ విరిగితే పుట్టే పదార్థాలివి. ఫార్మాల్డిహైడ్ కేన్సర్ కారకమని ఎప్పుడో తేలినదే.

అసలు దుమారం 2015 జనవరిలో లేచింది. అమెరికాలోని పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ రసాయన శాస్త్రవేత్తలు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక లేఖ అచ్చువేయించారు. 3.3 వోల్టుల దగ్గర ఫార్మాల్డిహైడ్‌ను విడుదల చేసే పదార్థాల జాడ వారికి దొరకలేదు. 5 వోల్టుల దగ్గర మాత్రం పది దమ్ములకు సగటున 380 మైక్రోగ్రాములు తేలింది. ఆ లెక్కన రోజుకు 3 మిల్లీలీటర్ల ద్రవం వాడే మనిషికి దీర్ఘకాలిక ధూమపానం కంటే ఐదు నుంచి పదిహేను రెట్ల ఫార్మాల్డిహైడ్ సంబంధిత కేన్సర్ ముప్పు ఉండొచ్చని వారి అంచనా. పత్రికలు అంచనా అన్న మాటను వదిలేసి, అంకెలను మాత్రం పతాక శీర్షికలకెక్కించాయి. అదే లేఖలోని 3.3 వోల్టుల ఫలితం చాలా వార్తల్లో కనిపించనే లేదు.

ఏథెన్స్‌లోని ఒనాసిస్ కార్డియాక్ సర్జరీ సెంటర్‌కు చెందిన హృద్రోగ నిపుణుడు కాన్‌స్టాంటినోస్ ఫార్సాలినోస్ దీన్ని ఎదిరించాడు. ఆయన బృందం అనుభవమున్న ఏడుగురు వేపర్లకు రెండు రకాల కాయిళ్లిచ్చి 6.5 నుంచి 10 వాట్ల దాకా పీల్చి చూడమంది. ఒక కాయిల్ 9 వాట్లకే మాడు కంపు కొట్టింది. వత్తి ఏర్పాటు మెరుగ్గా ఉన్న రెండోది 10 వాట్లకు కూడా బాగానే ఉంది. ఆల్డిహైడ్లు కొలిస్తే, మాడు కంపు వచ్చిన చోట అవి 30 నుంచి 250 రెట్లు పెరిగాయి; మామూలు దమ్ములో నామమాత్రం. ఆయన వాదన సూటిగా ఉంది. పీల్చే యంత్రానికి నాలుక లేదు, మాడినా లాగుతూనే ఉంటుంది. మనిషి అలా లాగడు. 5 వోల్టుల దగ్గర పోర్ట్‌లాండ్ బృందం కొలిచింది ఎవరూ పీల్చని ఆవిరినన్నమాట.

ఈ వాదనలో బలముంది, అలాగని అది పూర్తిగా నిశ్చింతనివ్వదు. ఫార్సాలినోస్ పరీక్షకు కూర్చున్నవారు ఆరితేరినవాళ్లు. కొత్తగా పట్టుకున్నవాడికి ఘాటుకూ మాడుకూ తేడా తెలియడానికి సమయం పడుతుంది. మీదుమిక్కిలి, చక్రం మీద హద్దు గీత ఏదీ ఉండదు. ఈ కాయిల్‌కు ఇంతకు మించొద్దని చెప్పేది డిబ్బీ మీద చెక్కిన చిన్న అక్షరాలే, అవి కూడా ట్యాంకులో దాగిపోతాయి. రెండు అధ్యయనాలను పక్కపక్కన పెట్టి చదివితే తేలే నిజం ఒకటుంది: విషం మోతాదును నిర్ణయించేది వోల్టేజీ ఒక్కటే కాదు, ఆ వోల్టేజీకి తగినంత ద్రవాన్ని వత్తి మోయగలదా లేదా అన్నది. ఒక కాయిల్‌కు ప్రమాదమైన 9 వాట్లు ఇంకో కాయిల్‌కు తేలికైన పని.

వోల్టేజీతో నికోటిన్ కూడా కదులుతుంది. బీరుట్ అమెరికన్ యూనివర్సిటీ పరిశోధకులు 2015లో వెలువరించిన కొలతల ప్రకారం శక్తిని 3 వాట్ల నుంచి 7.5కు పెంచితే ఆవిరిలోని నికోటిన్ నాలుగైదు రెట్లయింది. సీసా మీది అంకె మారలేదు, ఒంట్లోకి పోయింది మారింది. దీన్ని తిరగేసి చూసిన బ్రిటన్ అధ్యయనం ఇంకా ఆసక్తికరం. లండన్ సౌత్ బ్యాంక్ యూనివర్సిటీకి చెందిన లిన్ డాకిన్స్ బృందం 2018లో ప్రచురించిన అధ్యయనంలో ఇరవై మంది అనుభవజ్ఞులు కొన్ని వారాలు మిల్లీలీటరుకు 18 మిల్లీగ్రాముల నికోటిన్ ఉన్న ద్రవం, కొన్ని వారాలు 6 మిల్లీగ్రాములది వాడారు. నికోటిన్ తగ్గించగానే వారు ఎక్కువ దమ్ములు, ఎక్కువసేపు లాగారు, ఎక్కువ ద్రవం ఖర్చుచేశారు; వారి శరీరంలో ఫార్మాల్డిహైడ్ ఆనవాళ్లూ పెరిగాయి. తక్కువ నికోటిన్ అంటే తక్కువ హాని అనుకుని పలచటి సీసా కొనేవారు అటు తిరిగి ఇటే వస్తున్నారన్నమాట.

బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 2018లో 56 మంది వాడుతున్న పరికరాలను పరీక్షిస్తే, సీసాలో ఉన్నప్పటి కంటే కాయిల్‌ను తాకి వచ్చిన ఆవిరిలో సీసం, క్రోమియం, నికెల్ ఎక్కువగా కనిపించాయి. ఆ లోహాలు వేడి తీగ నుంచి, అతుకుల నుంచి రాలుతున్నవి. సువాసనల సంగతి వేరే. హార్వర్డ్ బృందం పరీక్షించిన 51 రకాల్లో 39 రకాలలో వెన్న వాసననిచ్చే డయాసిటైల్ దొరికింది. ఈ పదార్థాన్ని కర్మాగారంలో పీల్చిన కార్మికులకు శ్వాసనాళికలు మూసుకుపోయే జబ్బు వచ్చిన చరిత్ర ఉంది.

వీటన్నిటి మధ్య 2019లో అమెరికాను వణికించిన ఊపిరితిత్తుల జబ్బును ఈ చక్రంతో ముడిపెట్టడం సరికాదు. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మందిని ఆస్పత్రి పాలు చేసి, 68 మందిని పొట్టన పెట్టుకున్న ఆ ఉపద్రవానికి ముఖ్య కారణం గంజాయి సారం ఉన్న ద్రవాల్లో కల్తీగా కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్ అని తేలింది.

జేబులో నిప్పు

2009 నుంచి 2016 చివరి దాకా అమెరికాలో ఈ-సిగరెట్లు పేలిన, అంటుకున్న ఘటనలు 195 వార్తలకెక్కాయని ఆ దేశపు ఫైర్ అడ్మినిస్ట్రేషన్ లెక్కగట్టింది. 133 మందికి గాయాలు, వాటిలో 38 తీవ్రమైనవి. అరవైకి పైగా ఘటనలు పరికరమో విడి బ్యాటరీయో జేబులో ఉండగా జరిగినవే. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవుండే 18650 బ్యాటరీని తాళం చెవులు, చిల్లర నాణేలతో కలిపి జేబులో వేసుకుంటే చాలు. రెండు కొసల మధ్య లోహం తగిలి లోపలి శక్తంతా ఒక్క పెట్టున బయటపడుతుంది. విడి బ్యాటరీకి ప్లాస్టిక్ డిబ్బీ తప్పనిసరి అనేది అందుకే.

2018 మేలో ఫ్లోరిడాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పరికరం పేలి ఒక వ్యక్తి మరణించాడు. అది ఏ సర్క్యూటూ లేని మెకానికల్ రకం. వోల్టేజీ సర్దుబాటు పరికరాల్లో చిప్ షార్ట్ సర్క్యూట్‌ను గుర్తించి ఆపుతుంది, నిరోధం మరీ తక్కువగా ఉంటే మీట నొక్కినా పలకదు. మెకానికల్ మోడ్‌లో బ్యాటరీకీ కాయిల్‌కీ నడుమ మీట తప్ప ఇంకేమీ ఉండదు. విమానంలో ఈ పరికరాలను చెక్-ఇన్ సామానులో పెట్టనివ్వకుండా అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2015లోనే కట్టడి చేసింది.

మానడానికా, మప్పడానికా

సిగరెట్ మానడానికి ఇవి పనికొస్తాయా అన్న ప్రశ్నకు బ్రిటన్ గట్టిగానే అవునంది. 2019లో అక్కడి పరిశోధకుడు పీటర్ హాయెక్ బృందం ప్రచురించిన పరీక్షలో 886 మంది పాల్గొన్నారు. మీట, ట్యాంకు ఉన్న పరికరంతో పాటు 18 మిల్లీగ్రాముల ద్రవం ఇచ్చినవారిలో ఏడాది తర్వాత 18 శాతం మంది సిగరెట్‌కు దూరంగా ఉన్నారు. నికోటిన్ ప్యాచ్‌లు, గమ్‌లు వాడినవారిలో 9.9 శాతం. అయితే మానినవారిలో 80 శాతం మంది అప్పటికీ వేపింగ్ చేస్తూనే ఉన్నారు. ఒకటి పోయి ఇంకొకటి మిగిలింది. అది లాభమా కాదా అన్నది ఎవరిని అడిగితే వారి జవాబు.

ఐరోపా యూనియన్ 2014 నాటి ఆదేశంతో హద్దులు గీసింది: ద్రవంలో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములకు మించి నికోటిన్ ఉండకూడదు, ట్యాంకు 2 మిల్లీలీటర్లు, సీసా 10 మిల్లీలీటర్లు దాటకూడదు. వోల్టేజీకి మాత్రం అలాంటి గీత గీయలేదు. పైన చెప్పిన బీరుట్ కొలతలు చూసినవారికి ఇది వింతగానే తోస్తుంది.

చక్రం తిప్పే సరదా ఎంత ఉన్నా, మార్కెట్ తిరిగింది వేరే దిక్కుకు. 2015లో అమెరికాలో వచ్చిన ‘జూల్’లో మీటా లేదు, చక్రమూ లేదు. నికోటిన్‌కు బెంజోయిక్ ఆమ్లం చేర్చి గొంతు మంట తగ్గించడంతో, చిన్న పరికరంలోనే బలమైన మోతాదు సాధ్యమైంది. 2019 నాటికి అమెరికా హైస్కూలు పిల్లల్లో 27.5 శాతం మంది ఏదో ఒక ఈ-సిగరెట్ వాడుతున్నట్టు ప్రభుత్వ సర్వే చెప్పింది. ఆ డిసెంబరులోనే అక్కడ పొగాకు సరుకుల కొనుగోలు వయసును 21కి పెంచారు. చదువుకోసం వెళ్లే మన పిల్లలకూ అదే వర్తిస్తుంది. తర్వాత వాడిపారేసే రకాలు వెల్లువెత్తాయి. వాటిని బ్రిటన్ 2025 జూన్ 1 నుంచి నిషేధించింది. తమాషా ఏమిటంటే, ఈ మధ్య వస్తున్న వాడిపారేసే వాటిలో తెర పెట్టి, మామూలు దమ్ము, గట్టి దమ్ము అని రెండు స్థాయిలిస్తున్నారు. చక్రం పోయింది కానీ దాని పని పోలేదు.

మన చట్టం

భారత ప్రభుత్వం 2019 సెప్టెంబరు 18న ఈ-సిగరెట్ల మీద ఆర్డినెన్సు తెచ్చింది. నిర్ణయాన్ని విలేకరులకు వెల్లడించింది ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్. డిసెంబరులో అది చట్టమైంది. నికోటిన్ ఉన్నా లేకున్నా, పదార్థాన్ని వేడిచేసి పీల్చడానికి ఆవిరినిచ్చే ఎలక్ట్రానిక్ పరికరాలన్నీ, ఈ-హుక్కాతో సహా, దీని కిందికి వస్తాయి. ‘నికోటిన్ లేదు కాబట్టి ఫర్వాలేదు’ అని కుర్రకారుకు అంటగట్టే దొంగ వ్యాపారులది పచ్చి అబద్ధం. తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రచారం వంటి నేరాలకు మొదటిసారి ఏడాది దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా లేదా రెండూ. మళ్లీ చేస్తే మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా. నిల్వ ఉంచితే ఆరు నెలల దాకా జైలు లేదా యాభై వేల దాకా జరిమానా లేదా రెండూ. వాడటాన్ని నేరంగా చట్టం పేర్కొనలేదు, అయితే వాడాలంటే ఎక్కడో కొనాలి, తేవాలి, దాచాలి. దుబాయ్‌లో 2019 నుంచి చట్టబద్ధంగా దొరుకుతున్నది కదా అని సంచీలో వేసుకుని శంషాబాద్‌లో దిగేవారికి అది దిగుమతి కిందికే వస్తుంది.

తెలుగు నేల మీద పొగాకు సేద్యం మాత్రం యథాప్రకారం సాగుతోంది. 1976లో ఏర్పడిన పొగాకు బోర్డు కేంద్ర కార్యాలయం గుంటూరులోనే ఉంది. ప్రకాశం, నెల్లూరు జిల్లాల తేలిక నేలల్లో, గోదావరి మెట్ట మండలాల్లో వర్జీనియా పొగాకును రైతులు ఇప్పటికీ బ్యారన్లలో క్యూరింగ్ చేసి వేలం కేంద్రాలకు తోలుతున్నారు. ఈ-సిగరెట్ ద్రవంలోని నికోటిన్ చాలా వరకు పొగాకు ఆకు నుంచి తీసిందే. పొగాకు వ్యర్థం నుంచి నికోటిన్ సల్ఫేట్ తీసి పురుగుమందుగా వాడిన చరిత్ర మన దేశంలోనూ ఉంది. 2016-17 జాతీయ సర్వే ప్రకారం దేశంలో పెద్దవారిలో 28.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు: చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా, సిగరెట్. వీరిలో మానాలనుకునేవారికి మీట ఉన్న పరికరం చట్టబద్ధంగా అందదు. 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ మందుల దుకాణంలో దొరుకుతుంది, సిగరెట్ పెట్టెల మీద అచ్చువేసిన జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.